మూడు వందల రెండో గుమ్మం

కన్నారావుకి ఆ పొద్దుట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. సైనిక్‌పురి దాటాక వచ్చే ఆ కొత్త అపార్టుమెంటు ముందు స్కూటరు ఆపాడు, తాళంచెవి దానికే వదిలేసి నాలుగడుగులు వేశాడు, నాలిక కరుచుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళి తీసుకున్నాడు. జేబులో ఫోను మోగింది. సీతాఫల్‌మండి నుంచి అప్ప రాజులమ్మ, తోడబుట్టిన అక్క. మొన్నటినుంచి ఇది ఎన్నోసారో. తర్వాత మాట్లాడదాంలే అని కట్ చేశాడు.

అప్పతో మాట్లాడ్డానికి మొహం చెల్లక కట్ చేశాడు, ఆ సంగతి అతనికీ తెలుసు. చిలకలగూడలో డిటెక్టివ్ బోర్డు కట్టుకుని పదిహేనేళ్ళుగా పెళ్ళి సంబంధాల గుట్లు, వ్యాపార భాగస్తుల గొడవలు తవ్వి తీస్తున్న మనిషి, తన సొంత అప్పకి ఇల్లు కొనిపెట్టేటప్పుడు మాత్రం ఒక్క కాగితం తిరగేసి చూడలేదు. బిల్డరు తాతబ్బాయిది తమ బొబ్బిలి పక్క ఊరే. "మనోడే అప్పా, భయం లేదు" అని కన్నారావే అన్నాడు. ఆ ఒక్క మాట మీద రాజులమ్మ, మొగుడు పోయాక వచ్చిన డబ్బంతా తెచ్చి ఈ బిల్డింగులో ఒక ఫ్లాటుకి పోసింది. ఏ అంతస్తో కూడా కన్నారావు అడగలేదు. గుమ్మం ఎత్తే రోజున రమ్మని పిలిస్తే నెల్లూరులో కేసుందని ఎగ్గొట్టాడు.

ఇప్పుడు అదే బిల్డింగు మీద అతనికి కేసొచ్చింది.

గేటు దగ్గర మార్త నిలబడి ఉంది. మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. నిద్రలేక కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆమె భర్త జకర్యా మాస్టారు, తమ చర్చివాళ్ళు కలిసి పెట్టుకున్న గృహనిర్మాణ సంఘానికి సెక్రటరీ. మంగళవారం పొద్దున బ్యాంకుకెళ్ళి ఇళ్ళ తాలూకు ఆఖరి వాయిదాకి డీడీ తీయించి, సైటుకి వెళ్ళొస్తానని భార్యకి ఫోను చేసి చెప్పాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఇవాళ గురువారం. ఫోను స్విచాఫ్.

"ఏమైనా తెలిసిందాండీ?"

"ఇంకా లేదమ్మా. దొరుకుతారు, కంగారు పడకండి."

"దొరకడం ఒక్కటే కాదండీ. నిన్న ప్రార్థన కూడికకి వెళితే నా పక్కన ఒక్కరూ కూర్చోలేదు. ముప్ఫై ఏళ్ళు చర్చిలో కానుకల సంచి పట్టుకు తిరిగిన మనిషండీ! రేపు ఫైనాన్సువాళ్ళు ఆయన మీద పోలీసు కేసు పెడతారట. ప్రాణాలతో తీసుకురండి, మచ్చ లేకుండా తీసుకురండి. ఇంకేమీ అడగను."

రెండూ రేపటిలోగా కావాలి. కన్నారావు తల ఊపి లోపలికి నడిచాడు. గట్టిగా మాటిచ్చే ధైర్యం అతనికి లేకపోయింది.

ఈ ఇళ్ళ కథ మొదట్లో ఎంత ముచ్చటగా ఉండేదో! టీచర్లు, నర్సులు, ఆఫీసు గుమాస్తాలు, ఎవరికీ బంజారాహిల్స్ ఆశలేవీ లేవు. రెండు గదులు, ఒక వంటిల్లు, నీళ్ళొస్తే చాలు. ఫైనాన్సు కంపెనీ ఒక్కొక్కరి పేరున లోనిచ్చి, స్లాబు పడినప్పుడల్లా తాతబ్బాయికి కొంత కొంత వదిలింది. ఆ రోజుల్లో స్థలాల రేటు పడుతుందని ఎవడైనా అంటే వాడికి జ్వరమేమోనని చెయ్యిపట్టి చూసేవారు. తీరా గోడలు లేచేసరికి మార్కెట్ బోర్లా పడింది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ ఉద్యోగాలు ఊడాయి, వడ్డీలు పెరిగాయి, కొత్తగా కొనేవాడి ఆచూకీ లేదు. పక్కనే తాతబ్బాయి మొదలెట్టిన రెండో బిల్డింగు స్తంభాల దగ్గరే ఆగి, ఇనప చువ్వలు తుప్పు పడుతున్నాయి.

తాతబ్బాయి కింద గదిలోనే ఆఫీసు పెట్టుకున్నాడు. కన్నారావుని చూడగానే కుర్చీలోంచి లేచి రెండు చేతులూ చాపాడు.

"ఏటి కన్నారావూ, నా మీదే ఎంక్వైరీకొచ్చీసేవా? అప్పకి తెలిస్తే నవ్వుద్ది!"

"నవ్వుతుందో ఏడుస్తుందో తర్వాత చూద్దాం. మంగళవారం మాస్టారు ఇక్కడికొచ్చారా?"

"రాలేదు."

"బ్యాంకులోంచి పదకొండుకి బయటపడ్డారు. సైటుకే వస్తున్నానని మార్తమ్మకి ఫోన్ చేశారు."

"సెప్పుంటారు. రాలేదు. నన్నేటి సెయ్యమంతావు?"

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"మధ్యాన్నం రెండు దాకా స్టీలు కొట్లో. బాకీ కోసం పీక మీద కూకున్నాడు ఆడు. కావలిస్తే అడుగు. ఒరే, డబ్బులు నాకు రావాలిరా! ఆ మాస్టారు నాకు దేవుడిలాంటోడు. దేవుణ్ణి నానెందుకు మాయం సేస్తాను?"

కన్నారావు కూర్చోలేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూనే అడిగాడు.

"డీడీ ఎవరి పేరున ఉంది?"

"నా కంపినీ పేరునే."

"అంటే మాస్టారి చేతిలో ఉన్నంతసేపూ అది చిత్తు కాగితం. దాన్ని డబ్బు చేసుకోగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు."

తాతబ్బాయి నవ్వు ఆగింది. బల్ల మీద తిరుగుతున్న చేతివేళ్ళు కూడా ఆగాయి.

"మాస్టారి ఫ్లాటు చూపించండి" అన్నాడు కన్నారావు.

"ఏటుంది సూడ్డానికి? రంగులేస్తన్నారు."

"ఆ రంగులే చూస్తాను."

లిఫ్టు ఇంకా పెట్టలేదు. మూడో అంతస్తు ఎక్కేసరికి వెంట వచ్చిన మార్తకి ఆయాసమొచ్చింది. మూడు వందల రెండు. తలుపు పైన చిన్న కర్రసిలువ మేకుకి వేలాడుతోంది. క్రిస్మస్ ముందు కుటుంబమంతా వచ్చి ప్రార్థన చేసుకున్న రోజున మాస్టారే కొట్టాడట. లోపల రెండు గదులూ చూశాడు కన్నారావు. కొత్త సున్నం వాసన తప్ప ఏమీ లేదు. వంటిల్లు, బాత్‌రూము, బాల్కనీ అన్నీ చూసి ఉత్తచేతులతో బయటికొస్తుంటే గడప దగ్గర బూటు జారింది. కిందికి చూశాడు.

గడప కుడి మూల, ద్వారబంధం కాలు దిగిన చోట, బూడిదరంగు సిమెంటు మధ్య అరచేతి మేర తెల్లగా ఉంది. గోడలకి పూసే పుట్టీ. పనివాడెవడూ నేలకి పుట్టీ పెట్టడు. పైగా దాని మీద బొటనవేలి ముద్రలు అలాగే ఉన్నాయి.

"ఇదేమిటి?"

"ఏదో రిపేరు సేసుంటారు" అన్నాడు తాతబ్బాయి. అంత పెద్ద మనిషి ఒక్కసారి గడపకి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"జరగండి."

"గడప తవ్వుతావా? మన వైపోడివి, తప్పు కాదేటి?"

"జరగమన్నానా!"

కన్నారావు గొంతుక్కూర్చుని స్కూటరు తాళంచెవితో గీకాడు. పుట్టీ ఇంకా పూర్తిగా ఎండలేదు, పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. అడుగున గుంట. గుంటలో మడతపెట్టిన తెల్లటి చేతిరుమాలు. దాని మూల ఊదారంగు దారంతో చిన్న పువ్వు.

మార్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను కుట్టిందేనండీ అది. మంగళవారం పొద్దున ఇస్త్రీ చేసి నేనే జేబులో పెట్టాను."

"రాలేదన్నారే!" అని కన్నారావు తలెత్తాడు.

తాతబ్బాయి కూడా వంగి ఆ రుమాలునే చూస్తున్నాడు. రుమాలు విప్పితే లోపల ఇంకో మూట, పసుపు గుడ్డ. అందులో నవధాన్యాలు, ఒక రాగి నాణెం.

"మావాళ్ళు ఇలాంటివి పెట్టరండీ" అంది మార్త, అర్థంకాక.

మార్తకి తెలియనిది కన్నారావుకి బాగా తెలుసు. తమ బొబ్బిలి వైపు ద్వారబంధం నిలబెట్టే రోజున ఇంటి ఇల్లాలు స్నానం చేసి వచ్చి, గుమ్మానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కింద గుంటలో ధాన్యం, నాణెం, పిసరంత బంగారం వేస్తుంది. కూలీ వెయ్యడు, మేస్త్రీ వెయ్యడు, కాంట్రాక్టరు అసలే వెయ్యడు. ఇల్లు ఎవరిదో వాళ్ళే వెయ్యాలి. తాళంచెవితో గుమ్మం మీది రంగు గీకాడు. చెక్కరంగు పెయింటు పొర లేచి, దాని కింద పచ్చగా పసుపు బయటపడింది.

ఈ ఇంటికి సిలువ కొట్టక ముందే ఎవరో పసుపు రాశారు. ఒక ఇల్లు, ఇద్దరు యజమానులు.

"బంగారం ఉండాలే" అనుకుంటూ పసుపు గుడ్డ దులిపాడు కన్నారావు. ధాన్యం గింజల్లోంచి ఒక ముక్కుపుడక అరచేతిలో పడింది. పాతది. రాయి ఎప్పుడో ఊడిపోతే ఆ గుంటలో లక్క పోసి ఉంది.

ఆ లక్క పోసింది కన్నారావు తండ్రి. ఆ పుడక అమ్మది. అమ్మ పోయినప్పుడు అప్ప తీసుకుంది.

కన్నారావు పుడకని జేబులో వేసుకున్నాడు. నెల్లూరు వెళ్ళకుండా ఆ రోజు వచ్చి ఉంటే ఈ గుమ్మం ముందే తను నిలబడి కొబ్బరికాయ కొట్టేవాడు. మాస్టారి ఇల్లు నిలిస్తే అప్ప రోడ్డున పడుతుంది. అప్ప ఇల్లు నిలిస్తే పక్కనే ఏడుస్తున్న ఈ టీచరమ్మ రోడ్డున పడుతుంది. మనోడే అప్పా, భయం లేదు. తన నోటితో తనే అన్నాడు ఆ మాట. చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

"ఎంతమందికి అమ్మేవురా?" అతనికి తెలియకుండానే పట్నం భాష పోయి ఊరి భాష వచ్చేసింది. "మా అప్ప నీకేటి సేసింది?"

"కోప్పడకు. అప్పకి రెండో బిల్డింగులో ఇద్దామనుకున్నాను. మార్కెట్టు బాగుంటే ఈపాటికి అది లేచిపోయుండేది. ఫైనాన్సోడు జీతం కాగితాలున్నోళ్ళకే లోనిస్తానన్నాడు, మన ఊరోళ్ళ దగ్గర కాగితాల్లేవు. నానేటి సెయ్యను?" తాతబ్బాయి ఫోను తీసి చెవికి ఆనించుకున్నాడు. అది మోగిన చప్పుడు మాత్రం కన్నారావుకి వినబడలేదు. "ఉండు, ఇప్పుడే వస్తాను" అంటూ మెట్లు దిగాడు.

కన్నారావు వెంటపడబోయాడు. మెట్ల మలుపులో సోమయ్య అడ్డంగా ఎదురొచ్చాడు.

సోమయ్య సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై ఫైనాన్సు కంపెనీ తరఫున ఇన్వెస్టిగేషన్లు చేస్తున్నాడు. ఒంటి మీది ఖాకీ పోయింది గాని గొంతులోది పోలేదు. కన్నారావంటే అతనికి మొదట్నుంచీ చులకన.

"ఏందయ్యా డిటెక్టివూ, గడపలు తవ్వుతున్నవ్? నిధి గిట్ల దొరికిందా?"

"తప్పుకోండి సోమయ్యగారూ, తాతబ్బాయితో పనుంది."

"ఆయన యాడికి పోతడు? బిల్డింగ్ ఎత్కపోతడా? నీ మాస్టర్ని పట్కొచ్చెటట్లుంటే చెప్పు, లేకుంటే రేపు పొద్దున కేసు ఫైల్ చేస్తున్న. ఆయన ఇల్లు సుత మా దగ్గర ష్యూరిటీల ఉంది. పైసల్ తీస్కొని ఫరారైండు. సీదా కేసు."

"డీడీ తీసుకుని ఫరారయ్యాడా? బిల్డరు పేరున ఉన్న డీడీని ఏం చేసుకుంటాడండీ, అందులో బఠాణీలు పొట్లం కట్టుకుని తింటాడా?"

మార్త ఏడుస్తూనే కిసుక్కుమంది. సోమయ్య మొహం ఎర్రబడింది.

"మరి ఏడున్నడు?"

"దానికి ముందు ఇది చెప్పండి. స్లాబు పడినప్పుడల్లా మీవాళ్ళు వచ్చి చూసి డబ్బు వదిలారు కదా. ఈ గుమ్మాలకి పసుపెవరు రాశారో ఒక్కడైనా అడిగాడా?"

"మేం స్లాబులు చూస్తం. గడపలకు మొక్కుతమా?"

"ఇప్పుడు మొక్కండి."

కన్నారావు అతన్ని చెయ్యి పట్టుకుని మూడు వందల ఒకటికి లాక్కెళ్ళాడు. గీకాడు, పసుపు. ఎదురు ఫ్లాటు గీకాడు, అక్కడేమీ లేదు. సోమయ్య వెక్కిరింతగా నవ్వాడు. పై అంతస్తుకి ఎక్కారు. అక్కడ రెండింటికి పసుపు. ఐదో అంతస్తుకి వచ్చేసరికి సోమయ్య నవ్వడం మానేసి తన సొంత తాళంచెవి తీసి గీకడం మొదలెట్టాడు. మధ్యలో కన్నారావు ఫోను మోగింది. మళ్ళీ అప్పే. ఏమని చెప్పాలి? నీ ఇల్లు ఇంకొకళ్ళదని చెప్పాలా? కట్ చేశాడు.

సగానికి సగం గుమ్మాలు రంగు కింద పచ్చగా ఉన్నాయి. సోమయ్య మెట్ల మీద కూలబడి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"గిది బయటికొస్తే మా లోన్లన్నీ గంగల కలుస్తయ్. ఆ మూట నాకియ్యి. కంపెనీతోని నేను మాట్లాడ్త."

"ఇవ్వను."

"సాక్ష్యం దాస్తున్నవని నిన్ను లోపలేస్త!"

"వెయ్యండి. ఈ ముక్కుపుడక మా అమ్మది. మా అమ్మ పుడక నా జేబులో ఉంటే ఏ సెక్షనో చూసుకుని మరీ వెయ్యండి."

సోమయ్య విసురుగా రుమాలు జేబులో కుక్కుకున్నాడు. మార్త ఇవేమీ వినడం లేదు. రుమాలు గుండెకి హత్తుకుని, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"గడప మూల పెచ్చు లేచి కనబడి ఉంటుంది. ఆయన దీన్ని తీసి చూసి, పనివాళ్ళ పుట్టీతో మళ్ళీ జాగ్రత్తగా పెట్టేశారండీ. ఎవరిదో నమ్మకం, మనం పారెయ్యకూడదని తన రుమాల్లో చుట్టి మరీ పెట్టారు. దొంగ అలా చేస్తాడా? ఆ ఇంకొకళ్ళెవరో తెలుసుకోకుండా డీడీ ఇచ్చే మనిషి కాదు ఆయన. వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళుంటారు."

కన్నారావు చప్పున ఆగాడు. నిజమే. మాస్టారు పారిపోలేదు, వెళ్ళాడు. ఎక్కడికి? ఈ మూట ఎవరిదో ఆయనకి చెప్పగలిగింది ఎవరు?

మెట్ల కింద బిందె దింపిన చప్పుడైంది. వాచ్‌మన్ భార్య ఎల్లమ్మ నీళ్ళు మోసుకొస్తోంది. కన్నారావు రెండేసి మెట్లు దూకుతూ దిగాడు.

"అమ్మా, మంగళవారం జకర్యా మాస్టారు వచ్చారా?"

"వచ్చిండు కదా సారు. పగటీలి, పన్నెండు గొట్టంగ. మూడో అంతస్తుల చానాసేపు ఉండె. కిందికొచ్చి, ఆ ఇంట్ల పూజ జేసినోళ్ళెవరని అడిగిండు. సీతాఫల్‌మండి అమ్మ అని చెప్పిన. ఆ దినం నాకు చీర పెట్టింది గా తల్లి. మర్చిపోతనా? రైల్వే గేటు కాడ మేడ మీద ఇల్లు."

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"మా సేటు సుత గిప్పుడే అడిగిండు. మాస్టారు నిన్నేమడిగిండు, నువ్వేం చెప్పినవ్ అని పరేషాన్ పరేషాన్ అయిండు. గట్లనే చెప్పిన. కార్ల పోయిండు. అర్ధగంట అయితుంది."

గేటు పక్క కారు నిలిపే చోటు ఖాళీగా ఉంది.

కన్నారావు ఫోను తీశాడు. తొందరలో నంబరు ఒకసారి తప్పింది. రెండోసారి మోగింది. మోగుతోంది. తియ్యవేం అప్పా, తియ్యి.

"ఒరే కన్నా! ఇప్పటికి తీరిందేట్రా నీకు?" రాజులమ్మ గొంతులో కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "రెండ్రోజుల్నుంచి సేస్తన్నాను, కట్ సేస్తన్నావ్, కట్ సేస్తన్నావ్! మంగళారం సాయంత్రం ఎవరో పెద్దాయన మెట్లెక్కి వచ్చి, నీది మూడొందల రెండా అమ్మా అనడిగి గుమ్మంలోనే పడిపోనాడు. పక్క సందు డాక్టరు వచ్చి బీపీ అని ఇంజక్షనిచ్చేడు. మాట ముద్దైపోనాది. ఎవరో తెల్దు, ఏ ఊరో తెల్దు. ఫోను సచ్చిపోయుంది, జేబులో ఏదో కాయితం ఉంది. నాకు సదువొచ్చా? నువ్వొచ్చి సదువుతావని సూస్తన్నాను. ఇయ్యాలే కొంచెం మాటొచ్చింది. మార్తా, మార్తా అంతన్నాడు."

వెనకే దిగొచ్చిన మార్తకి ఆ మాట వినబడింది. "ప్రభువా!" అంటూ కన్నారావు భుజం పట్టుకుంది. ఆయన బతికే ఉన్నాడు. డీడీ జేబులోనే ఉంది. రెండ్రోజులుగా ఆ కబురు కన్నారావు జేబులో మోగుతూనే ఉంది, తనే నొక్కేశాడు.

"అప్పా, నా మాట విను. తలుపు గడియ వేసుకో. ఎవరొచ్చినా..."

"ఉండ్రా, ఎవరో తలుపు కొడతన్నారు." అడుగుల చప్పుడు. కిటికీ రెక్క తీసిన చప్పుడు, బయటినుంచి ఏవో మాటలు. మళ్ళీ రాజులమ్మ గొంతు, ఈసారి తేలికపడి. "హమ్మయ్య, తాతబ్బాయిరా! నువ్వే పంపేవట కదా, పెద్దాయన్ని తీసుకురమ్మని. నువ్వు రాకపోయినా మనోణ్ణి పంపేవు, అదే పది వేలు."

"అప్పా, తియ్యకు! తలుపు తియ్యకు! వాడు..."

కన్నారావు కేకకి పైన సోమయ్య లేచి నిలబడ్డాడు. ఫోను మాత్రం ఆమె అప్పటికే చెవి మీంచి తీసేసి పక్కన పెట్టినట్టుంది. గడియ లాగిన చప్పుడు వినబడింది. తర్వాత దూరంగా, తీరుబాటుగా, ఊరి యాసలో ఒక గొంతు:

"బాగున్నావా అప్పా? మాస్టారేరీ?"